పసివాని గడప - ఆదాయపు కొలబద్ద

దాసోహపు పంక్తిలో కూర్చున్నవానిని "నీ సంపాదన యెంత?" అని అడుగు ఆచారము శివశరణుల మార్గములో లేదు. ఆకలి యున్నదా లేదా అనునదే అచట ప్రమాణము. వడ్డించువాడు తాను దాతనని గర్వింపడు, దాసుడనని తలంచును. భుజించువాడు యాచకుడు కాడు, జంగమ స్వరూపుడు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణములో బసవేశ్వరుడును, తోడి శరణులును ఆచరించి చూపిన ఈ ధర్మమును అన్నము విషయములో కాదను వీరశైవుడు ఉండడు.

మరి విద్య విషయములో? మూడేండ్ల పసివాడు బడి గడప ముందు నిలిచినప్పుడు, వానిని లోనికి రానిచ్చుటకు ముందు వాని తండ్రి ఆదాయమును కొలుచుట ధర్మమగునా? కొలువక అందరిని రానిచ్చుట ధర్మమగునా? పైకి ఇది ప్రభుత్వ నిబంధనలకు సంబంధించిన చిన్న విషయముగ కనిపించును. లోతుగ విచారించినచో, ఉన్నది ఎవరికి ఎట్లు పంచవలెనను ప్రాచీనమైన ధర్మసంశయమే ఇందులోను కలదు. మఠములు, సమాజ సంస్థలు నేడు బడులను, వసతి గృహములను నడుపుచున్నవి గనుక ఈ సంశయము ప్రభుత్వమునకు మాత్రమే చెందినది కాదు.

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి. నగర్ ప్రాంతములు విజయవాడకు పోవు రహదారిని అంటి వరుసగ ఉన్నవి. 2007లో మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు గడ్డిఅన్నారం, ఎల్.బి. నగర్ పురపాలక సంఘములు అందులో విలీనమైనవి. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి. నగర్ వరకు వచ్చినది. దిల్‌సుఖ్‌నగర్ వీధులలో పోటీ పరీక్షల శిక్షణాలయములు, విద్యార్థుల వసతి గృహములు బారులు తీరి యున్నవి. ఊరిలోని పొలమును కుదువ పెట్టియైనను కుమారుని చదివింపదలచు తండ్రులు అచటికి వత్తురు. ఆ వసతి గృహములలో వంట చేయు స్త్రీలు, ఇండ్లలో అంట్లు తోము స్త్రీలు, అపార్టుమెంట్లకు కాపలా యుండు దంపతులు, కట్టడములలో పని చేయు తాపీవారు కూడ ఆ ప్రాంతమునే ఆశ్రయించి బ్రతుకుచున్నారు. నల్లగొండ, పాలమూరు ప్రాంతముల నుండి వచ్చినవారు వీరిలో ఎందరో కలరు. ఇరువదేండ్ల యువకుని చదువునకై ఇంత సంరంభము జరుగు ఆ వీధులలో, మూడేండ్ల పిల్లవాడు పగటివేళ ఎచట కూర్చుండునని అడుగువారు తక్కువ.

అట్టి యొక కుటుంబమును ఊహింపుడు. తండ్రి తాపీ పనికి పోవును. తల్లి నాలుగిండ్లలో పని చేయును. పదేండ్ల కూతురు బడిలో చదువుచున్నది, కొడుకునకు మూడేండ్లు. ఆ కొడుకునకు కూర్చుండు చోటు దొరకని దినమున తల్లి పని మానవలెను, లేదా కూతురు బడి మానవలెను. సాధారణముగ మానునది కూతురే. కావున పసివాని చోటు అనునది ఒక్కని చోటు కాదు. తల్లి కాయకము, అక్క చదువు, తమ్ముని ఎదుగుదల - ఈ మూడును ఆ ఒక్క గడపపై ఆధారపడి యున్నవి.

ఇట్టి పిల్లలకై ప్రజాధనముతో ఏర్పడిన గడపలు ముఖ్యముగ రెండు. మొదటిది అంగన్‌వాడీ. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2వ తేదీన దేశములో 33 ప్రాజెక్టులతో ఆరంభమైనది. ఆరేండ్ల లోపు పిల్లలకు పౌష్టికాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, మూడేండ్లు నిండినవారికి ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య - ఇవి దాని లక్ష్యములు. తొలినాళ్లలో నిరుపేద కుటుంబముల పిల్లలకు ప్రాధాన్యమిచ్చు పద్ధతి యుండెను. పిమ్మట ఆహార హక్కునకు సంబంధించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2004 అక్టోబరులో, ఈ పథకమునకు దారిద్ర్యరేఖను అర్హతగ పెట్టరాదని ఆదేశించినది. 2006 డిసెంబరు 13వ తేదీ తీర్పులో 2008 డిసెంబరు నాటికి కనీసము 14 లక్షల కేంద్రములుండవలెననియు, ఆరేండ్ల లోపు పిల్లలు నలువది మంది యుండియు కేంద్రము లేని పల్లెవాసులు గాని మురికివాడవాసులు గాని కోరినచో మూడు నెలలలో కేంద్రము నెలకొల్పవలెననియు చెప్పినది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ఆరు నెలల నుండి ఆరేండ్ల వరకు గల పిల్లలకు అంగన్‌వాడీలో ఉచితాహారమును హక్కుగ చేసినది. తెలంగాణలో ఇట్టి కేంద్రములు 35,700 కలవు. ఈ గడపపై ఆదాయపు కొలబద్ద లేదు.

రెండవది ప్రైవేటు బడి గడప. 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చిన విద్యా హక్కు చట్టము, ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు బడులు కూడ ప్రవేశ తరగతిలో నాలుగవ వంతు చోట్లను బలహీన వర్గములకును, అవకాశములు కోల్పోయిన వర్గములకును ఉచితముగ ఈయవలెనని నిర్దేశించినది. బడిలో పూర్వ ప్రాథమిక తరగతులున్నచో ఆ నియమము అచటి నుండియే వర్తించును. ఇందులో "బలహీన వర్గము" అనగా ప్రభుత్వము నిర్ణయించిన వార్షికాదాయ పరిమితికి లోబడిన తల్లిదండ్రుల బిడ్డ. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ నియమమును సమర్థించినది. ఆంధ్రప్రదేశ్ 2022-23 నుండి ఒకటవ తరగతి ప్రవేశములలో దీనిని ఆచరణలో పెట్టి, ఆదాయ పరిమితిని గ్రామములలో 1,20,000 రూపాయలుగను, పట్టణములలో 1,44,000 రూపాయలుగను నిర్ణయించినది. తెలంగాణలో మాత్రము చట్టము వచ్చిన తరువాత ఎన్నో సంవత్సరములు ఈ నియమము కాగితముపైననే నిలిచినది. ఆ కాలములో మూడేండ్లుగ ఉన్న పిల్లలు నేడు పెద్దవారైరి. వారి బాల్యము మరల రాదు.

ఒక గడప కొలువక రానిచ్చుచున్నది. రెండవది కొలిచి రానిచ్చుచున్నది. ఈ రెంటిలో ఏది ధర్మసమ్మతము?

పూర్వపక్షమును ముందుగ న్యాయముగ వినవలెను. కొలువవలెనని చెప్పువారు కఠినహృదయులు కారు. వారి వాదమిది: ప్రజాధనము పరిమితమైనది. కారులో బిడ్డను దింపి పోవు తండ్రికి ఉచితముగ ఇచ్చిన ప్రతి చోటు, కాపలాదారుని బిడ్డ నుండి తీసికొన్నదే యగును. అందరికి సమానముగ పంచుదుమని తలుపు బార్లా తెరచినచో, సమయము, పరిచయము, మాటనేర్పు గలవారు ముందుగ ప్రవేశింతురు. రాత్రి కాపలా కాచి ఉదయము నిద్రించువాడు దరఖాస్తు గడువు ముగిసిన పిమ్మట తెలిసికొనును. కావున బలహీనునికి చోటు మిగుల్చుటకే ఈ కొలబద్ద. ఈ వాదములో సత్యము లేదనుటకు వీలు లేదు. చోట్లు పదియై, వచ్చినవారు వందయైనప్పుడు ఏదో యొక ప్రమాణము లేక తప్పదు.

అయినను ఈ కొలబద్దలో మూడు దోషములు కలవు.

మొదటిది, అది కొలువదలచినది దానికి చిక్కదు. నెలజీతము గలవాని ఆదాయము కాగితముపై నుండును. కూలివాని ఆదాయము వాన చేతిలో నుండును. తెలంగాణలో ఆహార భద్రతా కార్డునకు పట్టణములలో ఏడాదికి 2 లక్షల రూపాయల ఆదాయమును పరిమితిగ పెట్టిరి. అట్టి గీతనే బడి గడపకు గీసితిమని తలంచుడు. దినమునకు 700 రూపాయల చొప్పున నెలకు 25 దినములు పని దొరికిన తాపీవానికి ఏడాదిలో 2,10,000 రూపాయలు వచ్చును. అతడు గీతకు ఆవల నుండును. వానలు కురిసి రెండు నెలలు పది దినముల చొప్పుననే పని దొరికినచో 1,89,000 రూపాయలే వచ్చును; అతడు గీతకు ఈవల నుండును. మనిషి మారలేదు, గది మారలేదు, బిడ్డ మారలేదు. వాన మారినది. ఆ వానను ఏ ధ్రువపత్రములో వ్రాయుదురు?

రెండవది, ఆ కొలబద్ద నిజముగ కొలుచునది పేదరికమును కాదు, పత్రము తెచ్చుకొను శక్తిని. ఆదాయ ధ్రువపత్రమునకై మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దారు కార్యాలయము చుట్టు తిరుగుటకు కూలి పోగొట్టుకొనవలెను. రేషను కార్డు ఊరిలో నుండును, కాపురము ఎల్.బి. నగర్‌లో నుండును, అద్దెకిచ్చినవాడు చిరునామా పత్రము నీయడు. ఇట్లు మిక్కిలి అవసరము గలవాడే మిక్కిలి సులభముగ జారిపోవును. గీతకు కొంచెము పైనున్నవాడు మాత్రము కావలసిన అంకె వేయించుకొని లోనికి వచ్చును.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కొలువబడువాడు ఒకడు, ఫలము ననుభవించువాడు మరియొకడు. సంపాదించినవాడు తండ్రి; చోటు కోల్పోవువాడు బిడ్డ. తండ్రి ఆదాయము పెరిగిన మాత్రమున అది బిడ్డ చదువునకు చేరునన్న నియమము లేదు. అప్పునకు పోవచ్చును, వైద్యమునకు పోవచ్చును, తండ్రి దురలవాటునకు పోవచ్చును. జాతీయ విద్యా విధానము 2020 చెప్పినట్లు మెదడు వికాసములో 85 శాతమునకు మించిన భాగము ఆరేండ్ల లోపుననే జరుగును. ఆ ఆరేండ్లు తండ్రి లెక్కలు సరిపడు వరకు ఆగవు. ఇట్లుండగ రాజ్యాంగములోని 21-ఎ అధికరణము ఆరేండ్ల నుండి పదునాలుగేండ్ల వరకే విద్యను ప్రాథమిక హక్కుగ చేసినది; ఆరేండ్ల లోపు పిల్లల విషయమున 45వ అధికరణము రాజ్యము ప్రయత్నింపవలెనని మాత్రమే చెప్పుచున్నది. అనగా హక్కు మిక్కిలి అవసరమైన చోటనే మిక్కిలి బలహీనముగ నున్నది.

ఈ సంశయము ఒక్క భారతదేశమునకు చెందినదే కాదు. అమెరికాలో 1965లో ఆరంభమైన హెడ్ స్టార్ట్ పథకము పేద కుటుంబముల పిల్లలకై దారిద్ర్యరేఖను ప్రమాణముగ తీసికొన్నది. ఆ దేశములోనే జార్జియా రాష్ట్రము 1995లోను, ఒక్లహోమా రాష్ట్రము 1998లోను నాలుగేండ్ల పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేక పూర్వ ప్రాథమిక విద్యను తెరచినవి. ఒకే దేశములో రెండు మార్గములును నేటికి నడుచుచున్నవి, వివాదము తీరలేదు.

అయినచో కొలువని గడప దోషరహితమా? కాదు. అంగన్‌వాడీ గడపపై ఎవరును ఎవరిని అడ్డగింపరు. అయినను కొంచెము కలిగినవారు తమ పిల్లలను అచటికి పంపరు. నెలకు వేల రూపాయలు పోసి ఆంగ్ల మాధ్యమపు నర్సరీకి పంపుదురు. అడుగువారు, నిలదీయువారు, సమావేశములలో మాటాడువారు వెడలిపోగ మిగిలినది నోరు లేనివారి బడి. ఒక్క టీచరు పిల్లలకు చదువు చెప్పవలెను, ఆహారము లెక్క వ్రాయవలెను, ఇంటింటి సర్వే చేయవలెను. ఇరుకైన అద్దె గదిలో కేంద్రము నడచినను, ఆట వస్తువులు లేకున్నను అడుగు గొంతు ఉండదు. అందరికి తెరచిన తలుపు క్రమముగ పేదల తలుపుగ మారును. పేదల తలుపుగ మారినది క్రమముగ పేద తలుపుగనే మిగులును. కావున కొలబద్దను తీసివేయుట ఒక్కటే చాలదు. కలిగినవారు కూడ ఆ గడపను తమదిగ తలంపవలెను.

ఈ సందర్భమున శరణుల చరిత్రలోని ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము స్మరింపదగినది. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతో జంగమ దాసోహము జరుగుచుండెను. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటి అవసరమునకు మించినది ఆశయే గాని కాయకము కాదని భర్తను మందలించి, మిగిలినదానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మని పంపెను. ఆ ఇంటిలో ధాన్యపు రాశులు లేవు. నేలపాలైన గింజలే ఆధారము. అయినను కొలబద్ద ఉన్నది. అయితే అది ఎవరి చేతిలో నున్నదో గమనింపవలెను. భాండాగారపు కాపరి మారయ్యను కొలువలేదు. తీసికొనువారే తమను తాము కొలుచుకొనిరి.

కొలత ఉండరాదని శరణధర్మము చెప్పదు. కొలత పుచ్చుకొనువాని అంతఃకరణములో మొదలు కావలెనని చెప్పును. నేడు జరుగుచున్నది దీనికి విరుద్ధము. గడప యొద్ద పేదవానిని పదిసార్లు కొలుచుచున్నారు. కలిగినవాడు ఒక్కసారియు తన్ను తాను కొలుచుకొనుట లేదు. సంపాదన లక్షలలో నున్నను స్వల్పాదాయ ధ్రువపత్రమును సంపాదించి, ఉపకార వేతనమునకో, ఉచిత ప్రవేశమునకో దరఖాస్తు పెట్టు కుటుంబములు ఏ సమాజములోనైనను కలవు. వీరశైవ కుటుంబములు దీనికి అతీతమని చెప్పుట ఆత్మవంచన యగును. "అందరును చేయుచున్నారు గదా" అనునది సమాధానము కాదు. ఉదయము ఇష్టలింగమును నిలిపిన కరతలముతోనే సాయంకాలము తప్పుడు లెక్కపై సంతకము చేయుట ఎట్లు పొసగును? ఆ సంతకము వలన నష్టపోవువాడు ప్రభుత్వము కాదు, ఎల్.బి. నగర్‌లో ఏదో యొక అపార్టుమెంటు క్రింది గదిలో అక్క చేయి పట్టుకొని నిలిచిన మూడేండ్ల బిడ్డ. ఎవరి చోటు పోయినదో వానికి తెలియదు, తీసికొన్నవానికి తెలియును.

ప్రభుత్వము మనుష్యుల అంతఃకరణమును నమ్మి మాత్రమే నడువలేదను మాట నిజము. అయినచో ఆదాయమును కొలువవలసిన చోటు వేరే కలదు. అది పన్ను చెల్లించు చోటు. అచట తండ్రిని ఎంత కచ్చితముగ కొలిచినను తప్పు లేదు. ఎక్కువ కలవాని నుండి ఎక్కువ తీసికొనుట న్యాయమే. బిడ్డ ప్రవేశించు చోట మాత్రము ఆ తక్కెడను పక్కన పెట్టవలెను. పొరుగున తమిళనాడు 1982లో పౌష్టికాహార భోజన పథకమును విస్తరించి పసిపిల్లల కేంద్రములకును వర్తింపజేసినప్పుడు, ఇంత వ్యయమునకు ధనమెక్కడిదని ప్రశ్నించినవారు కలరు. ధనము కూర్చుకొనుట ఖజానా పని; ఆకలిగొన్న బిడ్డ యొద్ద దానికి సమాధానము వెదకరాదని ఆ అనుభవము చూపినది. చోట్లు కొద్దియై కొలత తప్పనిసరియైనప్పుడు కూడ కొన్ని నియమములు పాటింపవచ్చును. ఒక రూపాయి హెచ్చిన మాత్రమున పూర్తిగ త్రోసివేయక, మెట్లు మెట్లుగ రుసుము నిర్ణయింపవచ్చును. ఒకసారి చేరిన బిడ్డను, తండ్రికి కొంత మేలు కలిగినదని వెనుకకు పంపకుండవచ్చును. తల్లి పనివేళలను, ఇంటి దూరమును, చూచుకొను పెద్దలు లేకుండుటను ఆదాయముతో పాటు లెక్కింపవచ్చును.

మఠములకును, సమాజ సంస్థలకును ఈ విషయములో ప్రభుత్వము కంటె ఎక్కువ స్వేచ్ఛ కలదు గనుక బాధ్యతయు ఎక్కువే. తుమకూరు సిద్ధగంగ మఠములో శివకుమార స్వామివారు (1907-2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును దశాబ్దముల తరబడి నడిపిరి. వేలాది బాలురు కులమత భేదము లేక అచట భుజించి చదివిరి. ఇది పురాణకాలపు మాట కాదు; కన్నులారా చూచినవారు నేటికిని లక్షల సంఖ్యలో కలరు. ఆ స్థాయి అందరికి సాధ్యము కాకపోవచ్చును. నగరములో వీరశైవ సంఘములకు గల భవనములు పెండ్లిండ్లు, ఉత్సవములు లేని దినములలో ఖాళీగ నుండును. ఆ భవనపు ఒక గది పగటివేళ ఇరువది మంది పసిపిల్లలకు చాలును. సమీపములోని అంగన్‌వాడీకి స్థలము లేనిచో అద్దె లేక ఆ గదినే ఈయవచ్చును. సమాజములో చదువుకొన్న యువతులు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు కలరు. వారములో రెండు దినములు పాటలు, కథలు చెప్పుటకు రావచ్చును. అన్నిటికి మించి కలిగిన కుటుంబములు తమ పిల్లలను కూడ అచట కూర్చుండబెట్టవచ్చును. ఎవరి రుసుము ఎవరు చెల్లించినది పిల్లలకు తెలియనవసరము లేదు. దాత ఛాయాచిత్రము గోడపై వ్రేలాడనవసరము లేదు.

దీనికి అభ్యంతరము కలదు. తలుపు తెరచినచో అర్హత లేనివారు కూడ వత్తురు గదా అని నిర్వాహకులు భయపడుదురు. వచ్చెదరు. దాసోహపు పంక్తిలో కూడ ఆకలి లేనివాడు ఒకడు కూర్చుండుట కలదు. వానిని పట్టుకొనుటకై ఆకలిగొన్న తొమ్మండుగురిని లేపి విచారణ చేసినచో, ఆ పంక్తి దాసోహము కాజాలదు. రెండు తప్పులలో ఒకటి తప్పనిసరియైనప్పుడు, అనర్హునికి ఒక ముద్ద పెట్టిన తప్పు సవరింపదగినది. అర్హుడైన బిడ్డను వెనుకకు పంపిన తప్పు సవరింపరానిది. ఏలయన వచ్చు సంవత్సరము నియమములు మారవచ్చును, కాని ఆ బిడ్డకు మూడేండ్ల వయస్సు మరల రాదు.

కావున కొలబద్ద పనికిమాలినది కాదు. దానిని పెట్టిన చోటు తప్పు. అది రాజ్యము చేతిలో పన్ను లెక్కకు ఉండవలెను. గృహస్థుని మనస్సులో, తాను తీసికొనుచున్నది తన అవసరమునకు మించినదా అను విచారమునకు ఉండవలెను. మఠము చేతిలో, నేడు ఎందరు బిడ్డలు గడప వరకు వచ్చి వెనుదిరిగిరి అను లెక్కకు ఉండవలెను. పసివాని గడపపై మాత్రము ఉండరాదు. ఆ గడప యొద్ద అడుగవలసినది వాని పేరు, తినెనా లేదా అను ప్రశ్న. ఆ రెండు ప్రశ్నలకు సమాధానము వాడే చెప్పగలడు. తహసీల్దారు సంతకము అవసరము లేదు.